యాది పోయిన ఏడాది

నాకు జబ్బు చేసి తగ్గింది. ఇప్పుడు మాఘం. పెళ్ళిళ్ళ బేరాలు మొదలయ్యాయి. దుకాణంలో కూర్చుంటున్నాను, వచ్చినవాళ్ళ పేర్లు తప్పు లేకుండా రాస్తున్నాను. అన్నీ మర్చిపోతున్నామని భయపడి, ఎవరికీ చెప్పుకోలేక లోలోపల నలిగిపోయేవాళ్ళు నాలాగా ఇంకా ఉండే ఉంటారు. అది ప్రతిసారీ ముసలితనమో మెదడు జబ్బో కానక్కర్లేదని వాళ్ళకు చెప్పాలనిపించింది. రాయడానికి అదొక కారణం. రెండో కారణం అంత గౌరవంగా చెప్పుకునేది కాదు. ఆ జబ్బును నేను ఒక పనికి వాడుకున్నాను. అది దాచిపెట్టి మందుల గురించీ డాక్టర్ల గురించీ రాస్తే ఈ రాతకు అర్థం లేదు.

ముందు ఒక మాట సంగతి చెప్పాలి. మా వరంగల్ వైపు జ్ఞాపకాన్ని యాది అంటాం. యాదికొచ్చింది, యాది మరిచిన, యాది పెట్టుకో. పొద్దున లేస్తే నోట్లో తిరిగే మాట. నా తమ్ముడి పేరు యాదగిరి. ఇంట్లో వాణ్ణి పిలిచేది కూడా యాది అనే. వాడు పుట్టినప్పటి నుంచీ ఈ రెండు మాటలూ నా నోట్లో పక్కపక్కనే ఉన్నా, రెండూ ఒకటేనని నాకెప్పుడూ తట్టలేదు.

మాది స్టీలు సామాన్ల దుకాణం, మా నాయన పెట్టింది. బిందెలు, బగోనలనే పెద్ద గిన్నెలు, తల్లెలనే కంచాలు అమ్ముతాం. కొన్నవాటి మీద పేర్లు కొట్టి ఇస్తాం. పెళ్ళికి పెట్టే సామాను మీద పెట్టినవాళ్ళ పేరు ఉండాల్సిందే. పేరు లేని బిందె పెడితే పెట్టనట్టే లెక్క మా వాళ్ళకు. నాయన పోయాక బేరం యాది చూసుకున్నాడు, పేర్లు కొట్టే పని నేను చూసుకున్నాను. వాడికి నోరుంది. కేసముద్రం నుంచి వచ్చిన రైతును కూర్చోబెట్టి, ఛాయ్ తాగించి, ఒక తల్లె కొందామని వచ్చినవాడి చేత పెళ్ళి సామానంతా కొనిపించగలడు. నేను మూలన మిషను ముందు తల వంచుకొని ఉండేవాణ్ణి. నాకు అదే ఇష్టం.

ఏడాదిన్నర కిందట, శ్రావణంలో, వాడు అదే బజారులో మాకు కొంచెం పక్కకు ఎదురుగా వేరే దుకాణం తెరిచాడు. బోర్డు మీద నాయన పేరే, గల్లా వెనక నాయన ఫొటోనే. నాకు ముందే చెప్పాడు. నేను ఊ అనలేదు, ఉహూ అనలేదు. ఓపెనింగుకు పోనని ఇంట్లో నా భార్య శోభతో గట్టిగా అన్నాను. తీరా ముహూర్తం వేళకు మనసు ఆగలేదు. దారిలో ఒక బంతిపూల దండ కొన్నాను. షామియానా కింద మంది నిండి ఉన్నారు. వెనక నిలబడి, దండ చేత్తో పట్టుకొని, ముందుకు పోయే సందు కోసం చూస్తున్నాను. ఎవరో పాత గిరాకీ అడిగాడు, మీ అన్న రాలేదా యాదన్నా అని.

యాది నవ్వాడు. "మా అన్నకు పేర్లు కొట్టుడు తప్ప ఏం తెలుసు? దుకాణం నడిపింది నేను. ఆయన మూలకు కూసున్న ఇంకో మిషను."

అందరూ నవ్వారు. నేను దండను అక్కడ నిలిపి ఉన్న ఎవరిదో స్కూటర్ హ్యాండిల్‌కు తగిలించి ఇంటికి వచ్చేశాను. పోయినట్టు శోభకు కూడా చెప్పలేదు. ఎప్పటికీ చెప్పకూడదనే అనుకున్నాను.

ఆ రోజు నుంచి నాకు ఒకటే పని. చేతులు బిందె మీద ఎవరి పేరో కొడుతుంటాయి, లోపల మాత్రం ఆ మాటకు జవాబులు తయారవుతుంటాయి. వాడి కూతురి పెళ్ళిలో నలుగురిలో ఏమనాలి, వాడు కాళ్ళ మీద పడితే ఏమనాలి, వాడి దుకాణం మూతపడితే ఎదురుగా ఎలా కుర్చీ వేసుకొని కూర్చోవాలి. ఒకసారి బాగా కుదిరిన జవాబు మర్నాటికి చప్పగా అనిపించేది. మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టేవాణ్ణి. నిజం చెబుతున్నాను, ఆ చలికాలమంతా అందులో నాకు తీపి ఉండేది.

వైశాఖానికి నా తల పనిచేయడం మానేసింది.

అన్నం రుచి లేదు, నిద్ర లేదు, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు బరువు. పైన గోదాంకు మెట్లెక్కి పోయి ఎందుకొచ్చానో తెలియక దిగి వచ్చేవాణ్ణి. కూరగాయల మార్కెట్ దగ్గర స్కూటర్ వదిలేసి నడిచి ఇల్లు చేరాను. మా అత్తమ్మ పేరు నోటికి రాలేదు. మా పెద్దనాయన చివరి రోజుల్లో సొంత కూతుర్ని పట్టుకొని నువ్వెవరి బిడ్డవే అని అడిగిన సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ అదే వచ్చిందనుకున్నాను. భయంతో ఎవరికీ చెప్పలేదు. మర్చిపోయిన ప్రతిసారీ శోభ మీద అరిచేవాణ్ణి, తనే చెప్పలేదని, తనే ఎక్కడో పెట్టిందని. ఆమె చాలా రోజులు నమ్మింది కూడా, తప్పు తనదేనని.

బయటపడింది వర్ధన్నపేట వాళ్ళ వల్ల. ఒక మేనమామ తన మేనకోడలి పెళ్ళికి సామాను కొని, కొట్టాల్సిన పేరు నాకు చెప్పి, వేరే పని మీద పోయాడు. సాయంత్రం వచ్చి బిందె తిప్పి చూశాడు. తర్వాత బగోన చూశాడు. తల్లెలు చూశాడు.

"సేటూ, ఈ యాదగిరి ఎవలు? మా పిల్లకు నువ్వు ఇంకో మేనమామను జూసినవా ఏంది?"

సామానంతటి మీదా యాదగిరి అని కొట్టి ఉంది. నా చేతి రాతే. కొట్టినట్టు నాకు తెలియదు. ఆ మేనమామ మంచివాడు, నా ముఖం చూసి ఇంకేమీ అనలేదు. కొత్త సామాను తీసి పెట్టి, కొట్టాల్సిన పేరు దుకాణానికి వచ్చిన శోభ కాగితం మీద రాసిస్తే, అక్షరం అక్షరం చూసుకుంటూ కొట్టాను. అయ్యాక ఆమె షట్టర్ దించి, దవాఖానకు పోదాం నడువుమంది.

వానలు పడుతుండగా మా తిరుగుడు మొదలైంది. పెద్ద దవాఖాన హాల్లో గొడుగుల నుంచి నీళ్ళు కారి నేలంతా జారుడు. ఫ్యాన్ కింద కుర్చీలన్నీ నిండిపోయేవి. నా చేతిలో చీటీ ఉన్నా దాని మీద నంబరు చూసుకోవాలన్న సంగతే గుర్తుండేది కాదు. ఒకరోజు శోభ మందుల వరుసలో ఉంటే, నర్సంపేట దగ్గరి పల్లె నుంచి కొడుకును తీసుకొచ్చిన ఒక పెద్దమ్మ నన్ను గమనించింది. చీటీ తీసుకొని చూసింది. "కూసో బిడ్డా. నీ నంబరు నేను యాది పెట్టుకుంట. పిలిస్తె చెప్త," అన్నది. ఆమె కొడుకు నంబరు నాకంటే ముందే వచ్చింది. కొడుకును లోపలికి పంపి, నా నంబరు పిలిచేదాకా ఆమె బయటే ఉంది. ఆమెకు నా పేరు తెలియదు. ఆమె ముఖం మాత్రం నాకు ఈరోజుకీ గుర్తుంది.

స్కానింగ్‌లో ఏమీ లేదు. రక్తంలో ఏమీ లేదు. మనసు డాక్టర్ దగ్గరికి పొమ్మన్నారు. హన్మకొండలో ఒక డాక్టరమ్మ. గుంటూరు వైపు మనిషి, మా ఊరికి కొత్త. ఏం బాధండీ అని అడిగింది.

"నా యాది పోయింది మేడం," అన్నాను.

ఆమె ముఖం మెత్తబడింది. గొంతు తగ్గించి, "ఆవిడ ఎప్పుడు పోయారండీ?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. శోభకు అర్థమై నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వడం. "ఆవిడ గాదు మేడం. మా దిక్కు యాది అంటె గుర్తు. గీయనకు ఏం గుర్తుంటలేదు." చెబుతూ చెబుతూ నవ్వు ఆగిపోయి ఏడుపులోకి దిగింది. "ఈయన తమ్ముని పేరు గూడ యాదే. పోయిన శ్రావణం సంది ఇద్దరికి మాటల్లెవ్వు."

డాక్టరమ్మ అప్పటిదాకా మర్చిపోవడం గురించి అడుగుతోంది. అక్కడి నుంచి తమ్ముడి గురించి అడగడం మొదలుపెట్టింది. నేను షామియానా సంగతి చెప్పలేదు. చెప్పకపోయినా ఆమెకు కొంత దొరికింది. జబ్బు పేరు డిప్రెషన్ అన్నది. మతిమరుపు దాని నీడ అన్నది. నాకు అర్థమయ్యేట్టు చెప్పింది:

"మర్చిపోవాలంటే ముందు ఆ సంగతి లోపలికి వెళ్ళాలి కదండీ. మీకు లోపలికే వెళ్ళడం లేదు. గుమ్మంలో ఒకరు అడ్డంగా కూర్చున్నారు."

పదే పదే తలుచుకున్నది బలపడుతుందట, పక్కవాటిని తోసేస్తుందట. కొన్ని సంగతులు ఎక్కడికీ పోవట, అందే దారి ఒక్కటే మూసుకుపోతుందట. ఏదో వాసన తగిలితేనో పాత చోటికి పోతేనో దారి తెరుచుకుంటుందట. ఇంకొన్నిటిని తట్టుకోలేక మనసే దాచేస్తుందట, ఎదురుగా నిలబడ్డ మనిషిని కూడా. ఈ చివరి మాట నేను చాలా శ్రద్ధగా విన్నాను. ఆ కాలంలో నా లోపలికి సరిగ్గా వెళ్ళిన మాట అదొక్కటే కావచ్చు.

తిండి మానేసి నీరసపడ్డానని కొన్నాళ్ళు దవాఖానలో ఉంచారు. నేను వద్దన్నా శోభ యాదికి ఫోన్ చేసింది. వాడు వానలో తడుస్తూనే వచ్చాడు. శోభ కిందికి మందులకు పోయింది. వాడు మంచం పక్కన నిలబడి అన్నా అన్నాడు. వాడి ముఖం చూశాను. ముందుగా అనుకున్నది కాదు, ఆ క్షణంలో పుట్టింది.

"ఎవరు మీరు?" అన్నాను.

"అన్నా, నేను. యాదిని."

"యాది ఎవరు?"

వాడి ముఖం కూలిపోవడం చూశాను. పెదవి వణికింది, కళ్ళు ఎర్రబడ్డాయి. మంచం అంచున కూర్చొని నా చేయి పట్టుకొని, నెమ్మదిగా ఏదో మాట్లాడాడు. కాసేపు మాట్లాడాడు. నేను వాడి ముఖాన్నే చూస్తున్నాను, పండగ భోజనం ముందు కూర్చున్నవాడిలా. శ్రావణం నుంచీ కట్టిన జవాబుల్లో ఒక్కటీ దీనికి సాటి రాదు. నన్ను మిషను అన్నాడు కదా, మిషనుకు తమ్ముడెక్కడివాడు? వాడు కళ్ళు తుడుచుకుంటూ హాల్లోకి పోయాడు. ఆ పూట నేను చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. మందు పనిచేస్తోందని శోభ సంతోషపడింది.

శోభను మోసం చేయడం అక్కడే మొదలైంది. నన్ను గూడ మర్శిపోతడేమో అని ఆమె అక్కతో ఫోన్‌లో అంటుంటే విన్నాను. విని కూడా ఊరుకున్నాను. డాక్టరమ్మకు మాత్రం అనుమానం వచ్చింది. తమ్ముణ్ణి ఒక్కణ్ణే మర్చిపోయారా అని అడిగింది. దాచింది మనసా, మీరా అని కూడా అడిగింది. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను. ఆమె రెట్టించలేదు. పాత సంగతులు నెమ్మదిగా చెబుతూ ఉండమని ఇంటివాళ్ళకు చెప్పింది.

యాది ఆ మాట పట్టుకున్నాడు. ఇంటికి వచ్చాక, మధ్యాహ్నం బేరం పలచబడ్డ వేళ రోజూ వచ్చేవాడు. నేను రోజూ ఎవరు మీరని అడిగేవాణ్ణి. వాడు విసుక్కోకుండా యాదిని అని చెప్పి, కుర్చీ దగ్గరికి లాక్కొని చెప్పేవాడు. చిన్నప్పుడు ఇద్దరం బగోనలో కూర్చొని ఇరుక్కుపోతే నాయన నూనె రాసి బయటికి లాగిన సంగతి. వాడికి కామెర్లు వస్తే నేను మందు కోసం పరుగెత్తిన సంగతి. అన్నీ నాకు గుర్తున్నవే. ముఖం రాయిలా పెట్టుకొని వినేవాణ్ణి. మందుల వల్ల నిద్ర పడుతోంది, పేర్లు తిరిగొస్తున్నాయి, లోపల మబ్బు తొలగుతోంది. తమ్ముడి మీది నాటకం మాత్రం వదల్లేదు.

ఒకరోజు వాడు దుకాణం ఓపెనింగు సంగతి ఎత్తాడు.

"నువ్వచ్చినవ్ అన్నా. నువ్వే రిబ్బన్ కత్తిరించినవ్. నాకు దండేసినవ్. గల్లా కుర్చీల ముందుగాల నిన్నే కూసోవెట్టిన."

నా ఒళ్ళు మండింది. నా యాది పోయిందనుకొని, ఆ ఖాళీలో వాడు తనకు నచ్చింది రాసుకుంటున్నాడు. కాదురా అనడానికి వీల్లేదు. కాదంటే దొరికిపోతాను. పళ్ళు బిగబట్టి అమాయకంగా అడిగాను, ఆ రోజు మీరు నా గురించి ఏమన్నా అన్నారా అని.

వాడు నేల చూశాడు. "మా అన్న లేకుంటె నేను లేనన్న. అందరు చప్పట్లు కొట్టిన్రు."

ఆ అబద్ధం వాడి చేత మళ్ళీ మళ్ళీ చెప్పించాను. రోజూ మర్చిపోయినట్టు నటించి రోజూ అడిగేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ వాడు ఇంకొంచెం కలిపేవాడు. ఒకరోజు నాకు శాలువా కప్పాడు. ఇంకోరోజు నా కాళ్ళు మొక్కాడు. వాణ్ణి హింసిస్తున్నాననే అనుకున్నాను. అది జరిగింది చెప్పడం కాదని, జరగాల్సింది చెప్పడమని, తప్పు దిద్దుకోవడానికి వాడికి దొరికిన ఒకే దారి అదని అప్పుడు తట్టలేదు. ఒకసారి మాత్రం తగిలింది. మీ అన్న మంచివాడేనా అని వాణ్ణే అడిగాను. ఆలోచించి చెప్పాడు:

"మంచోడే. జర కచ్చ ఎక్కువ."

ధనత్రయోదశి వచ్చింది. ఆ రోజు చెంచా అయినా కొనని ఇల్లు ఉండదు, మా బజారులో కాలు పెట్టే చోటుండదు. మా దుకాణం శోభకు అప్పజెప్పి యాది నన్ను తన దుకాణానికి తీసుకుపోయాడు. చోటు చూస్తే గుర్తొస్తుందని డాక్టరమ్మ అన్నదట. నిజంగానే గల్లా కుర్చీలో కూర్చోబెట్టాడు. నా వెనక నాయన ఫొటో. వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు, మా అన్నకు తబియత్ బాగలేకున్నా వచ్చిండు, మా ఓపెనింగ్ కూడా ఆయన చేతుల మీదనే అయ్యిందని. నాకు చెప్పిన అబద్ధం ఊరికి చెబుతున్నాడు. కొన్నాళ్ళకు అదే నిజమవుతుంది, నేను దండ పట్టుకొని వెనక నిలబడ్డది లేకుండా పోతుంది. అది నేను భరించలేకపోయాను.

లేచి నిలబడ్డాను. నేను రిబ్బన్ కత్తిరించలేదని, షామియానా చివర దండ పట్టుకొని నిలబడ్డానని అందరికీ వినబడేట్టు చెప్పాను. తర్వాత వాడన్న మాట వాడి గొంతులోనే, వాడి నవ్వుతో సహా అన్నాను. మా అన్నకు పేర్లు కొట్టుడు తప్ప ఏం తెలుసు, మూలకు కూసున్న ఇంకో మిషను. ఒకామె చేతిలోని చెంబు మెల్లగా కింద పెట్టేసింది.

యాది నా చేయి పట్టుకొని వెనక గోదాంలోకి తీసుకుపోయాడు. అట్టపెట్టెల మధ్య ఇద్దరం నిలబడ్డాం. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. రెంటికీ సిద్ధంగా ఉన్నాను.

"నువ్వచ్చినవా ఆ రోజు?" అన్నాడు. కాసేపు దాని మీదే ఆగిపోయాడు. ఆ తర్వాత అసలు సంగతి తట్టింది వాడికి. "అంటె దవాఖానల గూడ నన్ను గుర్తువట్టినవ్."

"పట్టిన."

"అయితె నేనన్నది ఇన్నవ్."

నేను అట్టపెట్టె మీది అక్షరాలు చూస్తున్నాను.

"నీ చెయ్యి వట్టుకొని అన్న. నువ్వు మర్శిపోయినవనే అంత ధైర్యం జేసి అన్న. ఏమన్ననో చెప్పు."

వెతికాను. వాడు వేసుకున్న తడి చొక్కా కనబడింది, నీలం గీతలది. పెదవి వణకడం కనబడింది. పక్క మంచం మీద ఎవరో నారింజ తొనలు వలుస్తున్న వాసన కూడా వచ్చింది. వాడి మాట ఒక్కటి కూడా రాలేదు. ఆ సేపంతా నేను విన్నది నన్నే. నా గెలుపును నేనే లోపల చెప్పుకుంటున్నాను.

"యాదికి లేదు తమ్మీ," అన్నాను. ఆ ఏడాదిలో వాడితో నేను కచ్చ లేకుండా చెప్పిన మొదటి నిజం అది.

వాడు నన్ను పరీక్షగా చూశాడు. "ఇది గూడ యాక్టింగేనా?"

"కాదు. ఒట్టు."

"ఒక్కసారే అన్న ఆ మాట. మల్ల ఎన్నడు అనను." పెట్టెలు సర్దుకుంటూ బయటి నుంచి పిలుస్తున్న గిరాకీ దగ్గరికి పోయాడు.

శోభకు అదే సాయంత్రం అంతా చెప్పాను. షామియానా, దండ, నాటకం. ఆమె చాలా రోజులు నా తల్లె నా ముందు పెట్టి వేరే గదిలో కూర్చొని తినేది. నేను దానికి అర్హుణ్ణే.

డాక్టరమ్మ దగ్గరికి పోయి, ఆ మాట ఎలాగైనా బయటికి తీయమని అడిగాను. దారి మూసుకున్న సంగతులు ఒక్కోసారి దొరుకుతాయని చెప్పారు కదా అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇది దారి మూసుకుపోవడం కాదన్నది. దాచినది దొరకవచ్చు, అడుగున పడ్డది తేలవచ్చు, చెవి దగ్గరికి వచ్చినా మనసు పట్టించుకోని మాట మాత్రం ఎక్కడా ఉండదన్నది. నీలం గీతలు ఉన్నాయంటే, నేను వాటినే చూశాను కనక. ఇప్పటికీ అప్పుడప్పుడూ తడిచొక్కా దగ్గర మొదలుపెట్టి ప్రయత్నిస్తాను. వాడి పెదవుల కదలికలో అక్షరాలు పోల్చుకోవాలని చూస్తాను. తప్పయిందన్నా అన్నాడేమో. అలా అనివుంటాడని నేనే అల్లుకుంటున్నానేమో. వాడు నా చేత దండ వేయించినట్టే, నేను వాడి చేత మాట్లాడిస్తున్నానేమో.

మాకు మాటలున్నాయి ఇప్పుడు. వాడి దగ్గర లేని సైజు బిందె మా దగ్గరి నుంచి పోతుంది, మా దగ్గర లేనిది వాడు పంపిస్తాడు. మొన్న సామాను కోసం వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. దుకాణంలో ఎవరూ లేరు. సిగ్గు విడిచి అడిగాను, దవాఖానల ఆ రోజు ఏమన్నావో జర చెప్పరాదు తమ్మీ అని.

వాడు బిందె తిప్పి అడుగు చూసుకుంటూ, "పొద్దుగాల గోలీలేసుకున్నవా అన్నా?" అని అడిగాడు.

వేసుకున్నానన్నాను.

"మంచిది," అని నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. నాయనకుండేది, నాకూ ఉంది. కచ్చ తీర్చుకుంటున్నప్పుడు మా ఇంటి మగవాళ్ళు నవ్వే నవ్వు. వాడు నాకు ఎప్పటికీ చెప్పడు. వాడి చోట నేనున్నా చెప్పను.